నువ్వాయి పెట్టె

సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంఘమువారు మమ్ము కోరిరి. ఆంధ్రదేశపు ఎల్లలకు ఆవల నిలిచిపోయిన తెలుగు కుటుంబములు తమ యిండ్లలో దాచుకొన్న పాతవస్తువులను గూర్చి వ్రాసిన బాగుండునని సూచన కూడ చేసిరి. తంజావూరు వైపువారి యిండ్లలో తాళపత్రములుండవచ్చును. బరంపురమువారి యిండ్లలో పట్టు మగ్గములుండవచ్చును. యానాములోని మా యింట అట్టివేవియు లేవు. ఉన్నది మూడు సొరుగుల చిన్న పెట్టె ఒకటి. అయినను దానిని గూర్చియే వ్రాయుటకు మాకు వేరొక కారణము కలదు. ఆ పెట్టె మూలమున మా తండ్రిగారి మీద ఒక మాట పడినది. అది నిజము కాదని మాకు 1986లో తెలిసినది. తెలిసియు ఇన్నేండ్లు పెదనాన్నగారి పిల్లలతో ఆ సంగతి చెప్పక ఊరకుంటిమి.

మొదట పెట్టెను చూపవలెను గదా. ఎత్తు 30 అంగుళములు, వెడల్పు 22, లోపలికి 16. పొట్టి కాళ్ళు నాలుగు. పై సొరుగు 5 అంగుళములు, నడిమిది 7, అడుగుది 9. ఒక్కొక్క సొరుగునకు రెండేసి ఇత్తడి పిడులు, నడుమ తాళపు కన్నము. తాళపుచెవి పోయి చాలకాలమైనది. కిటికీ వైపున్న ప్రక్క తేనెరంగు తిరిగినది. గోడవైపున్న ప్రక్క నేటికిని వేయించిన కాఫీగింజవలె నున్నది. వెలుగు తగిలినకొలది రంగు తేలిపోవుట ఈ కర్ర స్వభావమట. అడుగునుండి జానెడు ఎత్తున చుట్టును ఒక నల్లని గీత యున్నది. దాని సంగతి తరువాత చెప్పెదము.

నాయనమ్మగారు దీనిని "నువ్వాయి పెట్టె" అనెడివారు. పెన్సిలంత లావులేని నువ్వుచెట్టు కర్రతో పెట్టె ఎట్లు చేసిరా యని చిన్నతనమున మేము చాల ఆశ్చర్యపడితిమి. ఫ్రెంచి భాషలో అక్రోటు చెట్టును "న్వాయే" అందురని, తాతగారి నోట విన్న ఆ మాటనే నాయనమ్మగారు తమ నాలుకకు తగినట్లు దిద్దుకొనిరని పెద్దయిన తరువాత గాని తెలియలేదు. తాతగారు మాత్రము దీనిని "కొమోదు" అనెడివారట. ఫ్రెంచివారికి ఆ మాటకు అనుకూలమైనదని అర్థము, సొరుగుల పెట్టెకు అది పేరు. ఇంగ్లీషువారి పాలనలోని కాకినాడలో ఆ పేరుతో పిలువబడు సామగ్రి ఎట్టిదో పాఠకులకు తెలియును. మా అమ్మగారి మేనమామ కాకినాడనుండి తొలిసారి మా యింటికి వచ్చినపుడు తాతగారు లోపలికి తిరిగి, "కొమోదులో తాంబూలం పెట్టి ఉంచాను, పట్టుకు రా" అని కేకవేసిరట. ఆ పెద్దమనిషి తాంబూలము ముట్టక లేచిపోయెను. ముప్పది కిలోమీటర్ల దూరములో ఒకే భాషవారి నడుమ ఇంత వ్యత్యాస ముండెడిది.

అక్రోటు మనకు మిఠాయి దుకాణములో పప్పుగానే పరిచయము. మన సంస్కృత నిఘంటువులు దానిని అక్షోట మన్నవి. కాశ్మీరమున దాని కర్రను చెక్కి పెట్టెలు, బల్లలు చేయుదురు. ఫ్రాన్సులో పల్లెటూరి వడ్రంగులకు అది మన ప్రాంతమువారికి టేకు వంటిది. పెరిగోరు, గ్రెనోబులు సీమలు ఆ కాయకు నేటికిని ప్రసిద్ధములు. 1709లో ఐరోపాఖండమున వచ్చిన ఘోరమైన చలికి ఆ చెట్లు విస్తారముగా చచ్చినవని, అటుతరువాత ఇంగ్లీషు వడ్రంగులు క్రమముగా మహాగని కర్రకు తిరిగిరని చదివితిమి. మా పెట్టె ఏ యేట పుట్టినదో చెప్పు గుర్తు దానిమీద లేదు. అయితే సొరుగు ప్రక్కపలకలు ముందుపలకను కలియు చోట ఒక్క మేకైనను లేదు. అంచులను కొసలు విప్పారిన పళ్ళుగా కోసి, ఒకదాని సందులలో మరొకదానిని దించి, సరేసుతో అతికినారు. ఆ పళ్ళలో ఒకటి వెడల్పు, ఒకటి సన్నము. యంత్రము కోసిన పళ్ళు అట్లుండవు. సొరుగు బోర్లించి చేయి రాచినచో చిత్రిక పట్టిన గాళ్ళు నేటికిని వ్రేళ్ళకు తగులును.

ఇది మా యింటికి 1934లో వచ్చెను. ఫ్రెంచి ఉద్యోగులు బదిలీ యగునపుడు సామానంతయు మోసికొని పోలేక వేలము వేయుట వాడుక. తాతగారు కచేరిలో వ్రాతపని చేసెడివారు. వారి చిట్టాలో ఆనాటి పద్దు ఇట్లున్నది: "దొర గారి కొమోదు 1కి రూ. 12." దాని ప్రక్కనే, అదే సిరాతో, "పెండ్లివారి అద్దె వసూలు లోనుంచి" అని యున్నది.

ఈ పెండ్లివారి అద్దె యననేమో నేటి పిల్లలకు తెలియదు. 1929లో చేసిన శారదా చట్టము 1930 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చెను. ఇంగ్లీషు పాలనలో పదునాలుగేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమైనది. యానాము ఫ్రెంచివారిది. గోదావరి జిల్లా నడుమ ద్వీపమువలె నున్న ఈ ఊరికి ఆ చట్టము రాలేదు. చుట్టుపట్ల తల్లిదండ్రులు పడవలలోను ఎడ్లబండ్లమీదను పిల్లలను తెచ్చి యిచ్చట మూడుముళ్ళు వేయించి తీసికొనిపోయెడివారు. ఊరికి కల్యాణపురమని పేరు వచ్చెను. ముహూర్తముల దినములలో అరుగు గల ప్రతి యింటికిని అద్దె దొరకెడిది. మా యింటి వసారా, పెరడు కూడ అద్దెకు పోయెడివి. ఆ కాలమును తలచుకొని మా ఊరివారు కొందరు నేటికిని గర్వముతో మాటలాడుదురు. మాకు ఆ గర్వము లేదు. నాయనమ్మగారు ఒకసారి మాతో ననిరి: "ఒక పిల్ల మధుపర్కాల్లోనే నిద్రపోయిందిరా. నేనే ఎత్తుకొని పీటల మీద కూర్చోబెట్టాను. నా పెద్దకొడుకు కంటే చిన్నది." ఇల్లంతటికిని అందమైన సామాను ఆ పెట్టెయే. అయినను ఆమె అందులో ఏనాడును పసుపుకుంకుమలు పెట్టలేదు. కుంకుమ భరిణె వంటింటి గూటిలోనే ఉండెడిది.

సొరుగుల పంపిణీ తాతగారు ఏర్పరచినదే చాలకాలము సాగెను. పై సొరుగులో చిట్టాలు, కలములు, పాళీలు. నడిమి సొరుగులో రసీదులు, జాబులు. అడుగు సొరుగులో దస్తావేజులు, జనన మరణముల నమోదు నకళ్ళు. ఫ్రెంచివారు ఈ నమోదు విషయమున కడు నిష్ఠగలవారు. పుట్టినను, పెండ్లియైనను, చచ్చినను "ఎతా సివీలు" పుస్తకములో ఒక సంఖ్యతో ఎక్కవలసినదే. మా పేరులోని హ్రస్వమైన "ఉ" కారమునకు కూడ వారు రెండక్షరములు ఖర్చుచేసిరి. ఎలుకలకును బొద్దింకలకును ఈ పెట్టె బాగుగనే ఆగినది. నాయనమ్మగారు వేపాకు, వసకొమ్ము వేసెడివారు. అమ్మగారి కాలమునకు కలరా ఉండలు వచ్చినవి.

ఇక ఈ పెట్టె గుణము ఒకటి చెప్పనిదే కథ నడువదు. గౌతమి యొడ్డున మా ఊరి గాలిలో నీరెప్పుడును ఉండును. వానలు పట్టిన తరువాత చెప్పనక్కరలేదు. కర్ర తడిగాలి త్రాగి ఉబ్బును. పొడవున నుబ్బదు, వెడల్పున నుబ్బును. అందువలన 5 అంగుళముల పై సొరుగు కొంచెము బిగియును, 7 అంగుళముల నడిమిది బ్రతిమాలిన వచ్చును, 9 అంగుళముల అడుగుది ఆషాఢము మొదలు మార్గశిరము వరకు రానే రాదు. పిడులు పట్టి లాగినచో పిడులే చేతికి వచ్చును. చలిగాలి తిరిగి, భోగి మంటలు వేయునాటికి దానంతటదియే వదలును. మా యింట ఇది పంచాంగము వంటిది. వానకాలమునకు ముందే కావలసిన కాగితములు తీసి పై సొరుగులో పెట్టుకొనుట అమ్మగారికి అలవాటు.

1954 జూను 13న యానాములో ఫ్రెంచి పాలన తొలగెను. ఆ యేడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పరిపాలన భారతదేశము చేతికి వచ్చెను. అయితే చట్టరీత్యా బదిలీ పూర్తియైనది 1962 ఆగస్టు 16న. ఆ ఒడంబడిక ప్రకారము ఇచ్చట పుట్టి ఇచ్చటనే కాపురమున్న ఫ్రెంచి పౌరులు భారత పౌరులగుదురు. ఫ్రెంచి పౌరసత్వమునే నిలుపుకొనదలచువారు ఆరు నెలలలోపల వ్రాతపూర్వకముగా తెలుపుకొనవలెను. మావైపు దీనినే "ఆప్షను" అందురు. గడువు 1963 ఫిబ్రవరి నడుమకు తీరును. తాతగారు అప్పటికి లేరు. నాయనమ్మగారు, పెదనాన్నగారి కుటుంబము, మా నాన్నగారి కుటుంబము ఒకే యింట నుండిరి. నాన్నగారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మాకు రెండేండ్లు.

పెదనాన్నగారు ఆప్షను ఇచ్చిరి. మొదట పాండిచ్చేరికిని, 1964లో ఫ్రాన్సుకును పోయిరి. నాన్నగారు ఇయ్యలేదు. ఎందుకియ్యలేదన్న ప్రశ్నకు మేము పుట్టి బుద్ధెరిగినది మొదలు విన్న సమాధాన మొక్కటే: కావలసిన జనన నమోదు నకళ్ళు అడుగు సొరుగులో నుండెను, సొరుగు రాలేదు, గడువు దాటిపోయెను. ఈ మాట మా బంధువర్గములో సామెతయైనది. ఎవరికైన మంచి అవకాశము చేయిదాటిపోయినచో, "పాపం, సొరుగు రాలేదు" అనెడివారు. పెండ్లిపందిళ్ళలో నాన్నగారి యెదుటనే అనెడివారు. నాన్నగారు చిన్నగా నవ్వి ఊరకుండెడివారు. గొడ్డలితో పెట్టె పగులగొట్టుటకైనను తెలియని చేతకానివాడని ఆ నవ్వునకు అర్థము చెప్పుకొన్నవారును కలరు. మేమును చెప్పుకొంటిమి. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని నిజము.

ఎందుకనగా ఆప్షను ఇచ్చినవారి బ్రతుకులును ఇయ్యనివారి బ్రతుకులును త్వరలోనే వేరైపోయినవి. ఒకే వీథిలో ఒక యింటికి ఫ్రాన్సునుండి పింఛను వచ్చును, ప్రక్కయింటికి రాదు. ఒకరి పిల్లలు విమానమెక్కుదురు, ఒకరి పిల్లలు కాకినాడ బస్సెక్కి ఉద్యోగములకు తిరుగుదురు. సంబంధముల మాట వచ్చినచో మొదటి ప్రశ్నయే, "మీరు ఆప్షను ఇచ్చినవారేనా?" మా చెల్లెలి సంబంధమొకటి ఈ ప్రశ్నవద్దనే ఆగినది. నాన్నగారు 1979లో పోయిరి. మాకు గుమాస్తా పని దొరికినది. మా తమ్మునికి ఏదియు దొరకలేదు. 1984లో వాడు మస్కటుకు కూలిపనికి పోవుచు, పెట్టె సర్దుకొన్న రాత్రి, అడుగు సొరుగును కాలితో తన్ని, "ఇది వచ్చి ఉంటే నేను పారిస్ వెళ్ళేవాణ్ణి" అనెను. అమ్మగారు వంటింటి గడపలో నిలిచియుండిరి. ఏమియు అనలేదు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మన పెద్దలెవ్వరును చూడనిది. నీరు రాత్రివేళ ఊరిలోనికి వచ్చెను. బియ్యపు బస్తాలను మంచముమీదికెత్తి, దస్తావేజులను అటకమీద పడవేసి, అమ్మగారిని చేయిపట్టుకొని మేడగల పొరుగింటికి పోతిమి. పెట్టె క్రింద రెండిటుకలు పెట్టుటకు మాత్రమే వ్యవధి చిక్కినది. మా గదిలో నీరు మోకాలి క్రిందివరకు వచ్చి నాలుగు దినములు నిలిచెను. తిరిగివచ్చి చూడగా నేలనిండ ఒండ్రు, గోడలకు గీత, పెట్టెకును అదే గీత. ఇనుప మేకులున్న చోటులలో అక్రోటు కర్ర సిరాబుడ్డి ఒలికినట్లు నల్లబడెను. ఈ కర్రలోని వగరునకు తడి ఇనుము తగిలినచో అట్లగునట.

మా వీథి వడ్రంగి వచ్చి చూచి, ఎండలో పెట్టవద్దని గట్టిగా చెప్పెను. "ఎండ తగిలితే పలకలు పెటపెటా పగిలిపోతాయండి. నీడలో ఆరనివ్వండి. దానికి తొందర లేదు, మీరు తొందరపడకండి," అనెను. కార్తికము దాటినను అడుగు సొరుగు కదలలేదు. అప్పుడతడు పెట్టెను గోడనుండి జరిపి, వెనుక చెక్కకు కొట్టిన మేకులను ఒక్కొక్కటిగా ఊడదీసెను. వెనుక చెక్క అక్రోటు కాదు, ఏదో తేలిక జాతి కర్ర. అది తీయగానే, సొరుగు వెనుకపలకకును చెక్కకును నడుమ నిలువుగా నిలిచి, మడతపెట్టిన కాగితమొకటి కనబడెను. నిండిన సొరుగును తోసినపుడు పై కాగితము వెనుకకు జారి పడుట ఇటువంటి పెట్టెలలో సహజమని వడ్రంగి చెప్పెను. కాగితము క్రింది సగము తడిసి ఎండియుండెను, పై సగము పొడిగా నుండెను.

ఫ్రెంచి వ్రాత. దస్తూరి నాన్నగారిది. మాకు ఫ్రెంచి రాదు. ఆ బడిలో చదివిన వృద్ధులొకరు వీథి చివర నుండిరి. వారియొద్దకు కొనిపోతిమి. వారు కన్నద్దములు సవరించుకొని మొదట లోలోపల చదువుకొనిరి. పిదప మావైపు చూచి, "ఇందులో నీ పేరుందోయ్" అనిరి. నాన్నగారు ఫ్రెంచి పౌరసత్వమును తమకును, తమ మైనరు కుమారునికిని నిలుపుకొన గోరుచున్నట్లు తెలుపు ప్రకటన యది. పైన కుడిప్రక్కను ఊరిపేరు, తేది: 1963 జనవరి 20. నడుమ నాన్నగారి పుట్టినతేది, నమోదు సంఖ్య, మా పుట్టినతేది, నమోదు సంఖ్య. క్రింద సంతకము చేయవలసిన చోటు ఖాళీ. నీటికి సిరా చెదరి యక్షరములు లావెక్కినవే గాని చెరిగిపోలేదు. సంతకము చేసి యుండినచో అదియును అట్లే లావెక్కి కనబడవలెను.

మేము చదివినది మెట్రిక్యులేషను. అయినను ముప్పదియేండ్లకు పైగా చేసిన గుమాస్తాగిరి మాకొక రోగమంటించినది; కాగితము కనబడగానే తేదీలు చూచెదము. ఆ రోగము అప్పటికే పట్టియుండెను. జనవరి 20 అనగా సంక్రాంతి దాటి వారము. అప్పటికి అడుగు సొరుగు వదలియే యుండును. ఆ సందేహముకూడ అక్కరలేదు. రెండు నమోదు సంఖ్యలు కాగితములో నున్నవి. ఆ నకళ్ళు అడుగు సొరుగులోనే యుండెడివి. చూడక ఆ సంఖ్యలు ఎవ్వరును వ్రాయలేరు. కావున సొరుగు వచ్చినది. నాన్నగారు నకళ్ళు తీసిరి, ప్రకటన అంతయు వ్రాసిరి, సంతకము చేయలేదు, మరల సొరుగులో పెట్టిరి. ఆపై గడువునకు ఇంకను మూడు వారములకు పైగా నున్నది.

ఆ సాయంకాలము కాగితమును అమ్మగారి ముందుంచితిమి. ఆమె దానిని ముట్టలేదు. బియ్యములో రాళ్ళేరుచుండిరి, ఆ పని ఆపలేదు.

"సొరుగు వచ్చిందే అమ్మా," అంటిమి.

"వచ్చింది. ఎందుకు రాదు? పండగ వెళ్ళాక ఏ ఏడు రాలేదు?"

"మరి అందరూ..."

"నేనే అన్నాను," అనిరి. కొంతసేపటికి వారే చెప్పిరి. ఆ రోజు ఆదివారము. నాన్నగారు మధ్యాహ్నము భోజనము చేసి కూర్చుండి వ్రాసిరి. పెదనాన్నగారు అప్పటికే తమ కాగితము పంపివేసిరి. సంతకము చేయబోవుచు నాన్నగారు కలము పట్టుకొని, వసారాలో వత్తులు చేసికొనుచున్న నాయనమ్మగారి వైపు చూచి, "మేమిద్దరమూ సంతకం పెట్టేస్తే ఇక్కడ ఇద్దరమూ పరదేశీయులం. అమ్మ మాత్రం ఈ దేశంలో మనిషి. అప్పుడు అమ్మ ఎవరి ఇంట్లో ఉన్నట్టు?" అని యడిగిరట. అమ్మగారు ఏమియు చెప్పలేకపోయిరి. నాన్నగారు కాగితము మడచి సొరుగులో పెట్టి, చెప్పులు తొడుగుకొని రేవు వైపు పోయిరి. మరల ఆ మాట యెత్తలేదు.

ఫిబ్రవరిలో పెదనాన్నగారు, "నీ కాగితం పంపావా?" అని గద్దించి యడుగగా నాన్నగారు తలవంచుకొని నిలిచిరట. అప్పుడు అమ్మగారే తలుపు చాటునుండి, "నకళ్ళు అడుగు సొరుగులో ఉండిపోయాయండీ బావగారూ, సొరుగు రావడం లేదు" అనిరి. మిక్కిలి కోపిష్టియైన పెదనాన్నగారు సొరుగును చూచి, తమ్ముని చూచి, నవ్వివేసిరి.

"సొరుగు రాలేదంటే ఎవరూ కోపపడరు గదరా," అనిరి అమ్మగారు. "ఉన్నమాట చెబితే ఏమవుతుంది? అమ్మ కోసం ఉండిపోయానని తమ్ముడు అంటే, అన్నగారు అమ్మను వదిలి వెళ్ళినట్టు అవదూ? ఆ మాట వాళ్ళు ఎన్నేళ్ళు మోయాలి? ఇదైతే మనమే మోస్తాం. మీ నాన్నగారు కూడా సరే అన్నారు."

న్యాయమునకు ఒక మాట చెప్పవలెను. పెదనాన్నగారు తల్లిని విడిచినవారు కారు. 1964 మొదలు నాయనమ్మగారు పోయిన 1971 వరకు నెలనెల డబ్బు పంపిరి. ఆ రసీదులు నడిమి సొరుగులో దారముతో కట్టి యున్నవి. ఒక నెలయు తప్పలేదు. మేము లెక్కించితిమి.

తమ్మునికి మస్కటుకు జాబు వ్రాసితిమి, ఉన్నదంతయు వ్రాసితిమి. ఆ సంగతికి బదులు వ్రాయలేదు. రెండేండ్లకు సెలవుమీద వచ్చినపుడు, ఎవరితోను చెప్పక, అంగడినుండి రెండు మైనపు వత్తులు తెచ్చి, అడుగు సొరుగు ఊడదీసి, దాని అంచులకును అది నడుచు పట్టీలకును చాలసేపు రుద్దుచు కూర్చుండెను. వాని కాలి దెబ్బ పడిన చోట చిన్న సొట్ట యున్నది. వడ్రంగి సరిచేసెద ననగా వాడే వద్దనెను.

పెదనాన్నగారి పెద్దకుమారుడు 1998 జనవరిలో భార్యతో కూడ వచ్చెను. 1996 నవంబరు తుపానుకు ఎగిరిపోయిన మా యింటి పెంకులు అప్పటికి తిరిగి వేయించియుంటిమి. అన్నయ్య గదిలోనికి వచ్చి నిలుచుండగనే పెట్టెను గుర్తుపట్టెను. గోటితో మూల గీకి, వాసన చూచి, "ఇది న్వాయే రా! అక్కడ పల్లెటూళ్ళలో ఇలాంటివి చూశాను" అని ఆనందించెను. తన సంచిలోనుండి అక్రోటు కాయ తీసి, పెట్టెమీదనే గుప్పిటతో పగులగొట్టి మా పిల్లలకు పంచెను. భోజనమువేళ అలవాటు చొప్పున, "ఏం తమ్ముడూ, మీ సొరుగు ఇప్పుడైనా వస్తుందా?" అని నవ్వెను. అమ్మగారు వడ్డించుచు మావైపు ఒక్క చూపు చూచిరి. మేమును నవ్వితిమి. తమ్ముడు మాత్రము విస్తరి ముందునుండి లేచి పెరటిలోనికి పోయెను.

వెళ్ళుటకు ముందు అన్నయ్య ఆ పెట్టెను తన కిమ్మని యడిగెను. వెల యెంతయైన నిచ్చెద ననెను. తాతగారి వస్తువు గనుక అతనికిని హక్కు కలదు, వెల మాట మాకు నచ్చలేదు. ఈయవచ్చునా కూడదా యని విచారింపగా 1972నాటి పురావస్తువుల చట్టము అడ్డువచ్చెను. నూరేండ్లు దాటిన పనితనపు వస్తువును ఏ వ్యక్తియు దేశము దాటింప గూడదు. దాటలేదని మరల పత్రము తేవలెను. ఫ్రాన్సులో పుట్టి, ఓడ యెక్కి వచ్చిన పెట్టె ఫ్రాన్సునకు పోవుటకు భారత ప్రభుత్వపు అనుమతి కావలసి వచ్చెను. అన్నయ్య తల గోకికొని, "అయితే ఇది కూడా ఆప్షను ఇవ్వలేదన్నమాట" అనెను. ఆ మాటకు మాత్రము అమ్మగారు గట్టిగా నవ్విరి.

అమ్మగారు 2004లో పోయిరి. పెదనాన్నగారు అంతకు ముందే, అన్నయ్య 2019లో పోయిరి. నిజము విని నొచ్చుకొనువారు ఇప్పుడెవ్వరును లేరు. మా పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు నగరములలో అద్దె యిండ్లలో నున్నారు. పెట్టెను పెట్టుకొనుటకు చోటు లేదని మర్యాదగానే చెప్పిరి.

ఈ వేసవిలో అన్నయ్య కుమార్తె జాబు వ్రాసినది. ఆ పిల్ల అక్కడనే పుట్టి పెరిగినది. తెలుగు కూడబలుకుకొని నేర్చినదట. అక్షరములు పెద్దవి, ఒత్తులు కొన్ని తారుమారు. "బాబాయి గారూ, నాన్న ఎప్పుడూ ఒక సొరుగు కథ చెప్పి నవ్వేవారు. ఆ సొరుగు నిజంగా ఉందా? నేను వచ్చి చూడవచ్చా? నవంబరులో సెలవు ఉంది" అని వ్రాసినది.

ఆ కాగితము అడుగు సొరుగులోనే యున్నది. నాన్నగారు పెట్టిన చోటనే ఉండవలెనని తమ్ముని పట్టుదల. మైనము రుద్దినను వానకాలమున సొరుగు రాదు. నవంబరు వద్దు తల్లీ, సంక్రాంతి వెళ్ళిన వారమునకు రమ్మని బదులు వ్రాసితిమి.